కెనడా నుంచి లండన్ దాకా: పత్రికాధిపతి రాయ్ థాంసన్

మన తోటల సమాజాలలో పత్రికలు పెట్టిన వారికి కొదవ లేదు. రాసేవారు దొరికారు, చందాలు వసూలు చేసి పద్దు రాసేవారే దొరకలేదు. అందువల్ల పత్రికను వర్తకంగా నడిపి సముద్రాలు దాటిన ఒక కెనడా దేశస్థుని చరిత్రను ఈసారి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

రాయ్ థాంసన్ 1894లో టొరాంటోలో క్షౌరవృత్తి చేసే వారింట జన్మించాడు. చిన్న వయసులోనే గుమాస్తాగా చేరాడు. తరువాత సేద్యం చేసి నష్టపోయాడు. ఆంటారియో ఉత్తర ప్రాంతంలో రేడియోలు అమ్మబోతే, అక్కడ వినడానికి సరైన ప్రసారాలే లేవు. సరుకు అమ్ముడుపోవాలని 1931లో నార్త్ బే పట్టణంలో తానే రేడియో కేంద్రం పెట్టాడు. 1934లో బంగారు గనుల ఊరైన టిమిన్స్‌లో ఒక చిన్న పత్రికను 200 డాలర్లు బయానా ఇచ్చి, మిగతా సొమ్ము వాయిదాల మీద చెల్లించే ఏర్పాటుతో కొన్నాడు. దాని లాభంతో మరొకటి, ఆ లాభంతో ఇంకొకటి. పత్రికలు కొనేది డబ్బు కోసమే, ఆ డబ్బు మరిన్ని పత్రికలు కొనడానికే అని దాపరికం లేకుండా చెప్పేవాడు.

1953లో కెనడా పార్లమెంటు ఎన్నికలో ఓడిపోయాడు. ఆ ఏడాదే, 59వ ఏట, ఎడింబరోలోని ‘స్కాట్స్‌మన్’ను కొన్నాడు. 1957లో స్కాటిష్ టెలివిజన్, 1959లో ‘సండే టైమ్స్’, 1966లో ‘టైమ్స్’ ఆయన చేతికి వచ్చాయి. 1964లో లార్డు అయ్యాడు. ఆ గౌరవం కోసం కెనడా పౌరసత్వాన్ని వదులుకున్నాడు. మదరాసు రేవు నుంచి కూలీ ఓడలు వెళ్లిన ట్రినిడాడ్, గయానాలలో సైతం 1960ల దశకంలో ఆయన పత్రికలుండేవి. అంటే మన సోదరులు ప్రొద్దున చదివే వార్తకు యజమాని ఎక్కడో లండన్‌లో ఉండేవాడన్నమాట.

ఆయనలో మెచ్చదగిన గుణం ఒకటుంది. జమాఖర్చులు నిశితంగా చూసేవాడు గాని, ఏమి రాయాలో సంపాదకునికి చెప్పేవాడు కాడు. 1962లో ఒక నిధి స్థాపించి, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల విలేకరులకు శిక్షణ ఇప్పించాడు. ‘టైమ్స్’ నష్టాలను సొంత సొమ్ముతో భరించాడు.

అయితే 1976లో ఆయన మరణించాక జరిగినది కూడా గమనించాలి. కొత్త యంత్రాలపై కార్మికులతో తగాదా వచ్చి, 1978 డిసెంబరు నుంచి దాదాపు ఏడాదిపాటు ‘టైమ్స్’ వెలువడలేదు. 1981లో ఆయన వారసులు దానిని అమ్మివేశారు. కెనడాలో 1980 ఆగస్టు 27న థాంసన్ సంస్థ ‘ఒట్టావా జర్నల్’ను మూసివేసింది. అదే రోజున సౌథమ్ సంస్థ ‘విన్నిపెగ్ ట్రిబ్యూన్’ను మూసింది. ప్రజలలో ఆందోళన రేగగా ప్రభుత్వం కెంట్ కమిషన్‌ను వేసింది. పత్రికల యాజమాన్యానికి హద్దులుండాలని ఆ కమిషన్ 1981లో సూచించినా, ఆ సూచనలు చట్టం కాలేదు.

సంపాదకుని కలం జోలికి పోని యజమాని కూడా ఒక్క సంతకంతో ఆ కలాన్ని ఆపివేయగలడు. పద్దు లేని పత్రిక బతకదు. పద్దు ఒక్కటే ఉన్న పత్రిక, ఆ పద్దు తప్పిన నాడు పోతుంది. మన పత్రికకు లాభం అక్కరలేదు. కాని లెక్క తప్పక కావాలి, ఆ లెక్క పుస్తకం మన చేతిలోనే ఉండాలి. చందా కట్టే ప్రతి ఇల్లూ దీనికి యజమానే అని మనం మరువరాదు.