గుట్టబాట పరుగు

గుట్టబాట పరుగు అనగా తారురోడ్డును విడిచి, కొండలు, గుట్టలు, అడవుల గుండా పోవు కాలిబాటపై ఎక్కువ దూరము పరుగెత్తుట లేదా వేగముగా నడుచుట. దీనిని ఇంగ్లీషులో ట్రైల్ రన్నింగ్ అందురు. పేరులో పరుగు ఉన్నప్పటికీ నిటారు ఎక్కుడులలో పోటీదారులు సైతం నడుచుటయే పరిపాటి. రోడ్డు పరుగులో దూరము ప్రధానము కాగా, ఇందులో ఎత్తు, నీరు, పగటి వెలుతురు అనునవి ప్రధానమైనవి. కనుక బయలుదేరుటకు ముందు వేసుకొను ప్రణాళికయే ఈ వ్యాయామములో సగభాగము.

వరంగల్ ప్రాంతపు గుట్టలు

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా విభజనతో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. ఈ మూడింటి నేల ఒకే తీరుగా ఉండదు. జనగామ వైపు మెట్టభూముల నడుమ విడివిడిగా రాతిగుట్టలు కనిపించును. పాలకుర్తిలో సోమేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయములు గల గుట్ట, కోట గల జఫర్‌గఢ్ గుట్ట ఇందుకు ఉదాహరణలు. ఇటువంటి గుట్టలు చిన్నవైనందున ఎక్కి దిగుట అలవాటు చేసుకొనుటకు అనువైనవి.

మహబూబాబాదు జిల్లాలో గూడూరు, కొత్తగూడ ప్రాంతములు అడవితో కూడినవి. గూడూరు మండలములోని భీమునిపాదం జలపాతము ప్రసిద్ధము. భూపాలపల్లి జిల్లాలో రేగొండ ప్రాంతమున ఉన్న పాండవుల గుట్ట ఆదిమానవుల రాతిచిత్రములకు పేరుగాంచినది. ఇసుకరాతి బండలతో నిండిన ఈ గుట్టపై శిలారోహణ శిక్షణ కూడా జరిగినది. చిత్రములున్న బండలను తాకుట, వాటిపై పేర్లు వ్రాయుట తగదు.

నల్లమల కాలిబాట

తెలుగునాట దూరపు కొండబాటకు ప్రసిద్ధమైన ఉదాహరణ శ్రీశైల యాత్రామార్గము. నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపున గల వెంకటాపురం నుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా భక్తులు కాలినడకన శ్రీశైలము చేరుదురు. భీముని కొలను వద్ద లోయలోకి దిగి, మరల మెట్లపై ఎక్కవలసి ఉండును. అలసిన కాళ్లకు ఈ ఎక్కుడు కఠినమైనది. ఇది పులుల అభయారణ్యము కనుక మహాశివరాత్రి, ఉగాది వంటి ఉత్సవ దినములలో మాత్రమే యాత్రికులను అనుమతింతురు. ఈ మార్గమున పోదలచినవారు జనగామ, భూపాలపల్లి గుట్టలపై రెండు మూడు నెలల ముందు నుండియే సాధన చేయుట మేలు.

కాలపు లెక్క

1892లో విలియం నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు కొండనడకకు ఒక సులువైన లెక్క చెప్పెను. దాని ప్రకారము ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్లకు మరొక గంట పట్టును. 25 కిలోమీటర్ల బాటలో మొత్తము 600 మీటర్ల ఎక్కుడు ఉన్నదనుకొనుడు. దూరమునకు 5 గంటలు, ఎక్కుడుకు 1 గంట, వెరసి 6 గంటలు. ఈ లెక్కలో విశ్రాంతి, ఎండ, దారి తప్పుట చేరలేదు. వాటికై మరి రెండు గంటలు కలుపుకొన్నచో, ఉదయం ఐదున్నరకు బయలుదేరినవారు మధ్యాహ్నం ఒకటిన్నరకు ముగింతురు. అదే బృందము తొమ్మిది గంటలకు బయలుదేరినచో సాయంత్రము ఐదగును. డిసెంబరులో ఆరు గంటల లోపే సూర్యుడు అస్తమించును గనుక, ఏ చిన్న ఆటంకము కలిగినను చీకటి అడవిలోనే పడును.

అందుచేత తిరుగు గడువును ఇంటివద్దనే నిర్ణయించుకొనవలెను. ఫలానా గంటకు సగము దూరము చేరనిచో, శిఖరము కనుచూపు మేరలో ఉన్నను వెనుదిరుగవలెను. అలసట వచ్చిన తరువాత తీసుకొను నిర్ణయము తరచు ఆశకు లోబడి ఉండును.

నీరు, ఆహారము

సాధారణ వాతావరణములో గంటకు సుమారు అర లీటరు నీరు అవసరము. ఎండలో ఇంకను ఎక్కువ కావలెను. పై ఉదాహరణలోని 8 గంటలకు 4 లీటర్లు, అనగా 4 కిలోల బరువు. దారిలో నీరు నింపుకొను చోటు లేనిచో అంత బరువును మోయవలసినదే. వానాకాలములో పారిన వాగు ఫిబ్రవరి నాటికి ఎండిపోవచ్చును. కావున నీటి జాడను ఆ ఊరి పశువుల కాపరులను అడిగి తెలుసుకొనుట ఉత్తమము. వాగు నీటిని, చెలమ నీటిని శుద్ధి చేయక త్రాగరాదు.

దాహమునకు మించి ఉత్త నీరు త్రాగుట కూడా ప్రమాదమే. రక్తములో సోడియం తగ్గి తలనొప్పి, వాంతులు, మూర్ఛ కలుగవచ్చును. పల్లిపట్టీ, ఖర్జూరము, అరటిపండు, ఉప్పు కలిపిన మజ్జిగ వంటివి కొద్దికొద్దిగా తీసుకొనవలెను.

ప్రమాదములు

ఈ ప్రాంతమునకు అక్టోబరు చివర నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. వేసవిలో వడదెబ్బ ప్రాణాంతకము. మాట తడబడుట, తికమకపడుట దాని గుర్తులు. అట్టివారిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు పోసి విసరుచు, 108 వాహనమును పిలువవలెను.

వానాకాలములో బండలు జారును, వాగులు చూచుచుండగానే పొంగును. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి గ్రామమును ముంచెత్తినది. ఉధృతముగా పారు వాగును దాటుటకు ప్రయత్నింపరాదు. పాము కరిచినచో గాయమును కోయరాదు, బిగించి కట్టరాదు. కరిచిన అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. ఎలుగుబంట్లు తిరుగు చోట్ల వేకువ చీకటిలోను, మునిమాపు వేళను ఒంటరిగా పోరాదు.

నిర్వాహకులున్న పోటీలలో సైతం ప్రమాదము తప్పదని చైనాలోని సంఘటన తెలుపుచున్నది. 2021 మే 22న గాన్సు రాష్ట్రములో జరిగిన 100 కిలోమీటర్ల కొండ పరుగులో 172 మంది పాల్గొనగా, అకస్మాత్తుగా వచ్చిన వడగండ్లు, చలిగాలుల వలన 21 మంది మరణించిరి. గాలిని ఆపు పైచొక్కా ఆ పోటీలో తప్పనిసరి వస్తువు కాదు. మృతులలో పేరుపొందిన పరుగువీరులు కూడా ఉండిరి.

బయలుదేరుటకు ముందు

* అభయారణ్యములలో ప్రవేశమునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అటవీశాఖ అనుమతి పొందవలెను.
* కనీసము ముగ్గురు కలిసి పోవలెను. ఒకరు గాయపడినచో ఒకరు తోడుండగా, మరొకరు సహాయమునకు పోగలరు.
* పోవు దారిని, తిరిగి వచ్చు గంటను ఇంటిలో వ్రాసి ఉంచవలెను. అడవిలో ఫోను సిగ్నలు అందకపోవచ్చును.
* తలదీపము, ఈల, కట్టుగుడ్డ, ఓఆర్ఎస్ పొట్లములు, పలుచని వానకోటు వెంట ఉండవలెను.
* కొత్త బూట్లను ఆ రోజే తొడుగరాదు.
* ప్లాస్టిక్ వ్యర్థములను తిరిగి వెంట తెచ్చుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* పాండవుల గుట్ట
* నల్లమల అడవులు
* వడదెబ్బ