వీరబలంజ సమయము: ఒడంబడిక వ్రతమైన క్రమము

హైదరాబాదునుండి సంగారెడ్డి, జహీరాబాదుల మీదుగా పడమటికి పోవు రాజమార్గముపై రుద్రారమను గ్రామము కలదు. నేడది కర్మాగారములచేతను, విద్యాలయములచేతను, వినాయకుని యాలయముచేతను ప్రసిద్ధమైయున్నది. దానికి కొలది దూరమున తూర్పుదిక్కున నున్న పటాన్‌చెరువే పశ్చిమ చాళుక్యుల కాలమునాటి పొట్టలకెరెయని చరిత్రకారు లనేకులు నిర్ణయించిరి. రెండవ జయసింహుని కాలమున, అనగా 11వ శతాబ్ది పూర్వార్ధమున, ఆ పట్టణము చక్రవర్తికి నెలవీడై యుండెను. ఇదే మార్గమున మరికొంత పడమటికి పోయినచో చాళుక్యుల తరువాతి రాజధానియైన కల్యాణము, నేటి బసవకల్యాణము, చేరువయగును. జైనమునకును శైవమునకును జరిగిన సంఘర్షణములకు రంగస్థలమైన యీ ప్రాంతము, దక్షిణాపథ వర్తకుల మహాసంఘమైన వీరబలంజ సమయము వ్యాపించిన దేశములోనిదే. వ్యాపారార్థ మేర్పడిన యా సంఘముయొక్క యాచారములలో మతాంశము లెట్లు ప్రవేశించెనో, ఏ క్రమమున బలపడెనో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

మొదట ‘సమయ’ శబ్దమును పరిశీలింపవలెను. ధర్మశాస్త్రములయం దీ పదమున కొడంబడిక యని యర్థము. నారదస్మృతి ‘సమయస్యానపాకర్మ’ యను పేర నొక వ్యవహారపదమును చెప్పి, పాషండులు, నైగములు, శ్రేణులు మొదలగువారు తమలో తామేర్పరచుకొన్న కట్టుబాట్లను రాజు కాపాడవలెనని విధించినది. యాజ్ఞవల్క్యస్మృతియం దిదియే ‘సంవిద్వ్యతిక్రమము’. ఇచ్చట సమయము దైవదత్తము కాదు, మనుష్యకృతము; నలుగురు కూడి చేసికొన్నది, నలుగురు కూడి మార్చుకొనదగినది. అదే పదము జైనులయందు సిద్ధాంతవాచకమైనది. కన్నడ తెనుగు భాషలలో క్రమముగా శైవసమయము, వైష్ణవసమయము అన్నట్లు మతమునకే పేరైనది. ఒడంబడికనుండి మతమునకు జరిగిన యీ యర్థపరిణామమే వర్తక సంఘముల చరిత్రకు సంగ్రహమన్నను తప్పుగాదు.

ఆంధ్రదేశమున నిట్టి సంఘములకు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము భట్టిప్రోలునందు లభించినది. 1892లో అలెగ్జాండరు రే యచ్చటి స్తూపమును త్రవ్వించినపుడు ధాతుకరండములు బయల్పడెను. వానిపై లిఖితములను బ్యూలరు పండితుడు 1894లో ప్రకటించెను. అందు నిగమసభ్యుల పేళ్లును, గోష్ఠులును పేర్కొనబడినవి. కుబీరకుడను రాజు ఒక గోష్ఠికి ప్రముఖుడుగా కనబడుచున్నాడు. ఈ గోష్ఠులు బుద్ధధాతువునకు మంజూషలను సమర్పించినవి. ఐనను మతమిచ్చట దానమునకు లక్ష్యమేకాని సంఘమునకు స్వరూపము కాదు. నాసికలోని ఉషవదాతుని శాసనము కూడ నిట్టిదే: అత డొక సాలెశ్రేణియొద్ద 2,000 కార్షాపణములను నూటి కొకటి నెలవడ్డీకిని, మరియొక శ్రేణియొద్ద 1,000 కార్షాపణములను ముప్పాతిక వడ్డీకిని నిక్షేపించి, ఆ వడ్డిని భిక్షువుల వస్త్రాదులకు వినియోగింప నేర్పాటుచేసెను. శ్రేణి నమ్మదగిన ధనాగారము. అంతకు మించి దాని కేమతముతోను పొత్తు తెలియరాదు. 436లో మందసోరునం దొక సూర్యాలయమును పట్టుసాలెలు తమ సంఘము పేరనే కట్టించి, 473లో మరల బాగుచేయించిరి. సంఘమునకు స్వకీయమైన దేవాలయ మను భావ మిచ్చట స్ఫుటమగుచున్నది.

అయ్యావళి యైనూర్వురు ఈ పరంపరలోనివారే. మలప్రభాతీరమందలి యైహొళె వీరి మూలస్థానము. చాళుక్యుల కాలమున నా యూర నైదువందల మహాజనులుండిరనియు, 8వ శతాబ్ది నాటికే ‘అయినూరు’ అను సంఖ్య యొక సంఘనామముగా స్థిరపడుచుండెననియు శాసనములవలన తెలియును. ఇందుచేత నీ సంఘము బ్రాహ్మణసభనుండి పుట్టినదనియు, కావున నాదినుండియు మతసంఘమే యనియు కొంద రూహింపవచ్చును. కాని మహాజనులుగూడ గ్రామపాలనము, భూములు, ధర్మనిక్షేపముల లెక్కలు చూచుకొనిన సభవారే. వర్తకులు వారియొద్దనుండి గ్రహించినది సంఖ్యను, గౌరవమును, సభానిర్వహణ పద్ధతినిగాని యొక పూజావిధిని కాదు. అనంతరకాలమున నీ పేరు ధరించి తిరిగినవారిలో స్వదేశులు, పరదేశులు, నానాదేశులు కలరు. సెట్టులు, గవరలు, గాత్రిగలు మొదలగు పెక్కు తెగలవారు కలరు. 1088 నాటికి వీరు సుమత్రాద్వీపమందలి బారుసు రేవున, లోబుతువా యను చోట, అరవశాసనమును నిలిపిరి. మదనపల్లె చేరువనున్న బాసినికొండ శాసనమువలన 11వ శతాబ్దిలో సిరవళ్లియను గ్రామమును వీరు సభగా కూడి ‘ఎరివీరపట్టణము’గా మార్చిన సంగతి విదితమగుచున్నది.

ఇన్ని దేశములవారు, ఇన్ని కులములవారు, ఇన్ని మతములవారు ఒకరి మాట నొకరు నమ్మి సరకు నప్పగించుట కాధారమేది? రాజాజ్ఞ యొక రాజ్యపు పొలిమేరతో నాగిపోవును. రక్తబంధువులా వీరు కారు. ఈ కొరతను తీర్చుటకై మొదటి మతాంశము ప్రవేశించినట్లు తోచుచున్నది. ఐనూర్వురు తమ ప్రశస్తులలో నైహొళె భగవతికి బిడ్డలమని చెప్పుకొనిరి. అరవశాసనములం దామెయే పరమేశ్వరి. వాసుదేవ, ఖండళి, మూలభద్రుల వంశమున పుట్టితిమనియు వ్రాసికొనిరి. వృషభధ్వజమును ధరించిరి. ఒక్క తల్లిబిడ్డలన్న యీ భావన వలన నపరిచితులైన వర్తకు లన్నదమ్ములైరి. భగవతి యిచ్చట మోక్షదాత్రికాదు, బంధుత్వమునకు సాక్షి. జైనుడైన వర్తకుడును, శైవుడైన వర్తకుడును తమతమ దేవతలను విడువకయే యామె పుత్రులు కాగలిగిరి.

రెండవ యంశము మగమ. సంఘమువారు కూడి, పెరికెకింత, గాడిదమోపున కింత, ఎద్దుమోపున కింత యని తమ సరకుపై తామే పన్ను విధించుకొని దేవాలయముల కర్పించిరి. అరవదేశమున దీనిని పట్టణప్పగుడి యనిరి. ఈ దానములలో నొక మతముపై పక్షపాతము కానరాదు. శ్రావణబెళగొళమున 1195 ప్రాంతమున హొయిసల వీరబల్లాళుని కాలములో నాగదేవుడు కట్టించిన జైనాలయము, తద్రక్షకులైన వర్తకుల పేర, ‘నగర జినాలయ’ మనిపించుకొన్నది. బంకాపురమందు శివుడు ‘నగరేశ్వరు’ డైనాడు. బర్మాదేశమందలి పగానులో 13వ శతాబ్దినాటి విష్ణ్వాలయము ‘నానాదేశి విణ్ణగర’ మను పేర వెలసినది. మలబారునుండి పోయిన వర్తకు డొకడు దానికి మండపమును, తలుపును, దీపమును సమర్పించెను. జినుడు, శివుడు, విష్ణువు మువ్వురును సంఘము పేరునే ధరించుట గమనింపదగినది. దేవునిచే సంఘమునకు పేరు రాలేదు; సంఘముచే దేవునకు పేరు వచ్చినది.

ఐనను మగమ కేవలము ధర్మబుద్ధిచేతనే కలిగినదనుట చాలదు. తరతరములు నిలువవలసిన లెక్కకు శిలాశాసనము వంటి పత్రము లేదు. శిలకు దేవాలయప్రాంగణమువంటి రక్షణస్థానము లేదు. కూడుటకు మంటపము, సాక్ష్యమునకు దేవుడు, మిగులు ధనమునకు భాండారము ఒక్కచోటనే లభించెను. కాలక్రమమున సభ జరుగుటకు పూజయు, పూజ జరుగుటకు సభయు నావశ్యకములైనవి.

మూడవ యంశము శపథము. స్మృతులప్రకారము సమయమును మీరినవాడు దండ్యుడు. ధనదండమో, దేశబహిష్కారమో వానికి శిక్ష. మధ్యయుగ శాసనములయందు వాడు సమయద్రోహి. సంఘము చేసిన దానమును చెరచినవాడు గంగాతీరమున గోవును చంపిన పాపమున పోవునని శాపము. ఒప్పందభంగమను నేరము పాతకముగా మారినది. దండనము విధింప రాజు లేనిచోట భయము నిలుపుటకు వేరుపాయ మేమున్నది? సముద్రము దాటి, అడవులు దాటి పోవు బిడారుల వెంట న్యాయస్థానము నడువదు, ఒట్టు నడచును.

ఈ మూడంశములును సంఘమునకు ఉపకారకములై, సర్వమతములకు సమానములై యుండెను. నాలుగవది వేరు. వీరశైవవాఙ్మయమున పొట్టలకెరెకు గొప్ప స్థానము కలదు. జేడర దాసిమయ్య, సాలెవృత్తివాడు, ఆ పట్టణమునకు వచ్చి, రాణియగు సుగ్గలదేవికి శివదీక్ష యిచ్చి, జైనులను వాదమున జయించెనని యా సంప్రదాయము. కథాంశము లెట్లున్నను, చేతిపనివారును వర్తకులును గురుస్థానమునకు వచ్చిన కాలమును అది సూచించుచున్నది. 12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని యుద్యమము కాయకమునకు, అనగా వృత్తికి, మతములోనే యున్నతస్థానము నొసగినది. బణజిగులలో పెక్కురు లింగధారులైరి. తెలంగాణమందలి లింగబలిజ లను పేరు నేటికిని దానికి సాక్షి. ఐతే ‘వీర’ పదసామ్యమును చూచి వీరబలంజ ధర్మము వీరశైవమునుండి పుట్టినదని భ్రమింపరాదు. బసవేశ్వరునికి పూర్వమే, 11వ శతాబ్ది శాసనములలో, వీరబలంజ శబ్దము కలదు. సరకులను కాపాడుకొనుట కాయుధములు పట్టిన శౌర్యమే యచ్చటి వీరత్వము. తరువాతి కాలమున నా మాటకు మతవీరత్వము తోడైనది. దీనితో సంఘమునం దొక చీలిక కలిగినది. పూర్వ మొక తల్లిబిడ్డలైనవారు ఇప్పు డొక గురువు శిష్యులు, వేరొక గురువు శిష్యులు నైరి.

తెనుగునాట నీ పరిణామమునకు రెండు దృష్టాంతములు కలవు. బెజవాడ తెలికివేవురు గానుగవృత్తివారి ప్రాచీనసంఘము. వేంగీపాలకుడైన చోడగంగుడు 1086 ప్రాంతమున నిచ్చిన టేకి తామ్రశాసనము, వివాహసమయములం దశ్వములపై నూరేగుట మొదలగు మర్యాదలను వారికి కలిగించినది. అవి రాజదత్తములైన లౌకిక గౌరవములు. వివాహకర్మతో చేరుటచేత నాచారములైనవి. రెండవది నకరము. నగరశబ్దభవమైన యీ పదము వర్తకసభకు పేరు. గోదావరీమండలమందలి పెనుగొండలో వైశ్యుల కులదైవమైన వాసవీకన్యకతో పాటు నగరేశ్వరస్వామి వెలసియున్నాడు. నకరపువారి దేవుడు గనుకనే యాయన నగరేశ్వరు డనిన నర్థము చక్కగా పొసగును. కన్యకాపురాణ సంప్రదాయమున 102 గోత్రములవారు కన్యకతో నగ్నిప్రవేశము చేసిరి. దాని కొడబడనివారు వేరైరి. ఈ గాథయొక్క కాలమునుగూర్చి పండితులలో మతభేదమున్నను, దాని నిర్మాణము స్పష్టము: ఒక సంకల్పము, దానికి కట్టుబడిన గోత్రముల పట్టిక, కట్టుబడనివారి బహిష్కారము. ఇది సమయముయొక్క రూపమే. స్మృతికారుల యొడంబడిక పురాణమై, సభ్యుల పట్టిక గోత్రమాలయై భక్తులకు నిత్యస్మరణీయమైనది.

ఇతర దేశములందును నిట్టి మార్పులు జరిగినవి. ఆంగ్లదేశపు రాతిపనివారి పూర్వపు నిబంధనపద్యమొకటి, 14వ శతాబ్ది చివరనో 15వ శతాబ్ది మొదటనో వ్రాయబడినది, నలుగురు కిరీటధారులైన క్రైస్తవ హతసాక్షులను వారి సంఘమునకు రక్షకులుగా చెప్పినది. ఆ సంప్రదాయమును కైకొన్న ఫ్రీమేసనులు 1723 నాటి నిబంధనగ్రంథమున మనుష్యులందరు నంగీకరించు మతము చాలుననిరి. 1815 నాటి సవరణలో భూమ్యాకాశముల నిర్మించిన విశ్వశిల్పిని నమ్మినచో నేమతస్థుడైన నర్హుడనిరి. హైదరాబాదులో కుతుబుషాహీల కాలపు గోషామహలు బారాదరి 1872నుండి వారి మందిరమైనది. భారతదేశమున వారి సభలలో బైబిలుతోపాటు భగవద్గీత, ఖురాను మొదలగు గ్రంథములు ప్రమాణమునకై యుంచబడుచున్నవి. ఉలిపని పోయి కర్మకాండ మిగిలినది. కాని యా కర్మకాండయందు మతము విశాలమైనది. దక్కనులో వ్యాపారసంఘము పోయి పూజ మిగిలినది. కాని యా పూజ యొక్కొక్క కులమునకు పరిమితమైనది. ఒకే మూలమునుండి రెండు త్రోవలు.

ఈ భేదమునకు కారణము దుర్జ్ఞేయము కాదు. సంఘమున కింకను పలుజాతుల సభ్యులు కావలసియున్నంతకాలము దానిదైవ మందరికిని తల్లియై యుండును. అయ్యావళి యైనూర్వురు బారుసునుండి బాసినికొండవరకు తిరిగిన కాలమున వారికి భగవతి చాలెను. రాజ్యములు మారి, రేవులు పరహస్తగతములై, నానాదేశుల సభ విచ్ఛిన్నమైన పిమ్మట, ఊరూర మిగిలిన శాఖలు వివాహసంబంధములకును, గురుపరంపరలకును లోబడి కులములైనవి. అప్పుడు దైవము పరులను చేర్చుకొనుటకు గాక తనవారిని గుర్తించుటకు సాధనమైనది.

కావున కులపురాణములను కేవల కల్పనలని త్రోసివేయుటయు, అక్షరాల చరిత్రలని స్వీకరించుటయు రెండును యుక్తములు కావు. వానిలో వర్తకసభల నిబంధనలు నిక్షిప్తమైయున్నవి. దేవుని పేరులో సంఘము పేరును, శాపములో శిక్షాస్మృతిని, గోత్రపట్టికలో సభ్యుల జాబితాను చదువ నేర్చినవారికి నవి శాసనములతో సమానమైన యాధారములు. పొట్టలకెరె పరిసరములందు, రుద్రారము మొదలుకొని మంజీరాతీరమువరకు గల గ్రామములలో, పునాదులు త్రవ్వునపుడు వెలువడు ప్రతి వ్రాతరాయిని ఊరి పండితులు నకలు తీసి భద్రపరచినచో, ఈ సమయముయొక్క చరిత్రలో మాసిన పుట లింకను కొన్ని తెలియగలవు. మగమ యెంతయో చెప్పు నొక్క పంక్తి, అది యే దేవున కిచ్చిరో చెప్పు మరియొక పంక్తి, ఈ రెండును చాలును.