ఉత్తరంలో అసహ్యం, ఒప్పందంలో ఆస్తి: హెన్రీ లారెన్స్ కథ



జోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని నల్లవాళ్ల బానిసత్వాన్ని అంతం చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. మరి స్వేచ్ఛ, సమానత్వం అని 1776లో అంత గట్టిగా ప్రకటించిన దేశంలో ఆ బానిసత్వం ఇంకో 89 ఏళ్లు ఎలా బతికింది? జవాబు కావాలంటే ఒక పెద్దమనిషి బతుకు చూడాలి. పేరు హెన్రీ లారెన్స్.

1724లో సౌత్ కరోలైనాలోని చార్ల్స్‌టన్‌లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీన్లు తయారుచేసేవాడు. కొడుకు మనుషుల్ని అమ్మి దొరయ్యాడు. పశ్చిమ ఆఫ్రికాలో, సియెర్రా లియోన్ నదిలో బన్స్ ద్వీపం ఉంది. అక్కడి బానిసల కోట లండన్ వ్యాపారి రిచర్డ్ ఆస్వాల్డ్, అతని భాగస్వాములది. అక్కడినుంచి ఓడల్లో వచ్చిన మనుషుల్ని చార్ల్స్‌టన్‌లో అమ్మిపెట్టేది లారెన్స్ కంపెనీ. కమీషను నూటికి 10. ఒక్క 1750ల్లోనే ఆ కంపెనీ చేతుల మీదుగా 8,000 మందికి పైగా అమ్ముడయ్యారు.

ఆ ప్రాంతపు మనుషులకే అంత గిరాకీ ఎందుకు? వాళ్లకు వరి తెలుసు. గట్టు వెయ్యడం, నీళ్లు కట్టడం, దంచడం, చెరగడం అన్నీ తెలుసు. కరోలైనా దొరల సంపదంతా వరిదే. బురదలో దిగిన చేతులు ఎవరివో, ఇనప్పెట్టె ఎవరిదో మనకు వేరే చెప్పక్కర్లేదు. లారెన్స్ కూడా 1762లో కూపర్ నది ఒడ్డున మెప్కిన్ ప్లాంటేషన్ కొన్నాడు. 3,000 ఎకరాలు.

1767లో బ్రిటిష్ కస్టమ్స్ వాళ్లు అతని ఓడల్ని పట్టుకున్నారు. రాజుగారి మనిషికి రాజుగారి అన్యాయం అప్పుడు కనిపించింది. పదేళ్లకు, 1777లో, కాంటినెంటల్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యాడు.

1776 ఆగస్టులో లండన్‌లో ఉన్న కొడుకు జాన్‌కు ఒక ఉత్తరం రాశాడు. బానిసత్వమంటే తనకు అసహ్యమన్నాడు. వాళ్లను బానిసలు చేసింది తాను కాదు, ఇంగ్లీషువాళ్లన్నాడు. విడిపించే మార్గం ఆలోచిస్తున్నానన్నాడు. అదే ఉత్తరంలో, వేలం వేస్తే తన బానిసలకు 20,000 పౌన్లు వస్తాయని లెక్క కూడా కట్టాడు!

కొడుకు ఆ మాటను నిజంగా నమ్మాడు. బానిసల్ని సైన్యంలో చేర్చుకుని, బదులుగా విముక్తి ఇవ్వాలన్నాడు. 1779లో కాంగ్రెస్ సరేనంది. సౌత్ కరోలైనా శాసనసభలో కూర్చున్న దొరలు మాత్రం తోసిపుచ్చారు. 1782 ఆగస్టులో జాన్ యుద్ధంలో చనిపోయాడు.

తండ్రిని 1780లో సముద్రం మీద బ్రిటిష్ వాళ్లు పట్టుకుని లండన్ టవర్‌లో పెట్టారు. దాదాపు 15 నెలలు. జామీను ఇచ్చి బయటికి తెచ్చిందెవరు? పాత వ్యాపార మిత్రుడు ఆస్వాల్డ్. 1782 నవంబరులో పారిస్‌లో సంధి చర్చలు జరిగాయి. బ్రిటన్ తరఫున కూర్చున్నది అదే ఆస్వాల్డ్. అమెరికా తరఫున చివరి ఘడియలో వచ్చి చేరింది లారెన్స్. కొడుకు పోయిన కబురు అంది మూడు వారాలు కూడా కాలేదు. వస్తూనే ఒక మాట చేర్పించాడు: వెళ్లిపోయే బ్రిటిష్ సైన్యం నీగ్రోలను గానీ, ఇతర ఆస్తిని గానీ తీసుకుపోకూడదు.

ఆ 'ఇతర' అన్న మాట దగ్గర ఒకసారి ఆగండి. మనుషులు ఒక ఆస్తి, మిగతావి ఇతర ఆస్తి. బానిసల వ్యాపారంలో పాత జోడీ ఇద్దరూ దాని కింద సంతకాలు పెట్టారు.

1792లో అతను చనిపోయేనాటికి కూడా వందల మంది అతని బానిసలుగానే ఉన్నారు.

లారెన్స్ ఉత్తరం అబద్ధం కాకపోవచ్చు. నిజంగానే అసహ్యం వేసి ఉండొచ్చు. "నాకు కుల పట్టింపు లేదండీ" అని మనతో అనే పెద్దమనుషులు కూడా అబద్ధమాడకపోవచ్చు. కానీ పొలం పంచాల్సిన రోజున, ఇల్లు అద్దెకివ్వాల్సిన రోజున, పిల్ల పెళ్లి మాట వచ్చిన రోజున ఏం చేశారు? కొలత అక్కడుంది.

ఆ షరతు ఉన్నా, బ్రిటిష్ సేనాని కార్ల్‌టన్ విముక్తి మాట ఇచ్చినవాళ్లను అప్పగించనన్నాడు. 1783లో సుమారు 3,000 మంది నల్లవాళ్లు న్యూయార్క్ రేవులో ఓడలెక్కారు. వాళ్ల పేర్లన్నీ ఒక పుస్తకంలో ఉన్నాయి. వచ్చే భాగం వాళ్లది.

జై భీమ్.