చారిత్రక కట్టడాల రక్షణలో దేశాల సహకారం: అమరావతి నుంచి రామప్ప దాకా

చారిత్రక కట్టడాన్ని కాపాడటం ఏ ఒక్క దేశానికో పరిమితమైన పని కాదనీ, అన్ని దేశాలకూ అందులో పాలు ఉందనీ లోకం గుర్తించి ఎంతో కాలం కాలేదు. పూర్వం గుడి కట్టించిన రాజు, దాన్ని పోషించిన ఊరు, మాన్యం అనుభవించిన అర్చకులు దానికి రక్షకులు. రాజ్యం చేయి మారితే ఆ రక్షణ పోయేది. యుద్ధంలో గెలిచినవాడు ఓడినవాడి గుడినీ గ్రంథాలయాన్నీ దోచుకోవడం తప్పని ఏ చట్టమూ చెప్పలేదు. ఈ స్థితి నుంచి ఉమ్మడి బాధ్యత దాకా లోకం రావడానికి రెండు శతాబ్దాలు పట్టింది. ఆ మార్గంలోని ముఖ్య ఘట్టాలన్నిటికీ కృష్ణా, గోదావరి తీరాల చరిత్రలో సాక్ష్యాలున్నాయి. కట్టడం తన చోటనే ఉండాలా, ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో కదలవచ్చు అన్న ప్రశ్నే ఈ చరిత్రకంతటికీ మూలసూత్రం.

తొలి ఆలోచనలు

1796లో నెపోలియన్ సేనలు ఇటలీ నుంచి శిల్పాలనూ చిత్రాలనూ ఫ్రాన్సుకు తరలిస్తున్నప్పుడు, ఫ్రెంచి పండితుడు కాత్రమేర్ ద క్విన్సీ ఆ పనిని ఖండిస్తూ లేఖలు ప్రచురించాడు. రోము నగరమే ఒక ప్రదర్శనశాల అని, అక్కడి కళాఖండం పుట్టిన చోటుకు దూరమైతే దాని అర్థం సగం పోతుందని ఆయన వాదన. 1815లో నెపోలియన్ ఓడాక మిత్రరాజ్యాలు ఆ కళాఖండాలలో చాలావాటిని తిరిగి ఇప్పించాయి. దోచుకున్నది తిరిగి ఇవ్వాలన్న సూత్రాన్ని పలు దేశాలు కలిసి పెద్ద ఎత్తున అమలు చేసిన తొలి సందర్భాలలో ఇదొకటి.

1863లో అమెరికా అంతర్యుద్ధ కాలంలో తయారైన లీబర్ నియమావళి, కళాఖండాలకూ గ్రంథాలయాలకూ హాని చేయరాదని సైన్యాన్ని ఆదేశించింది. 1874 నాటి బ్రస్సెల్స్ ప్రకటన ఆ మాటనే దేశాల ముందుంచింది. 1899, 1907 హేగ్ ఒడంబడికలు దానికి చట్టబలం ఇచ్చాయి. ముట్టడి సమయంలో ప్రార్థనాలయాలనూ చారిత్రక కట్టడాలనూ వీలైనంతవరకు వదిలిపెట్టాలని 1907 నిబంధనలు చెప్పాయి. అయినా మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లోనే లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం తగలబడింది, రెమ్స్ కెథెడ్రల్ ఫిరంగి దెబ్బలకు గురైంది.

అమరావతి నేర్పిన పాఠం

హేగ్ నియమాలు యుద్ధానికి సంబంధించినవి. యుద్ధం లేనప్పుడు జరిగే నష్టానికి అమరావతి స్తూపాన్ని మించిన ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. 18వ శతాబ్దం చివర చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అనే దిబ్బలోని ఇటుకలూ రాళ్లూ నిర్మాణాలకు వాడుకున్నారు. అప్పట్లోనే కాలిన్ మెకెంజీ ఆ దిబ్బను చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. కొన్ని ఫలకాలు కలకత్తాకూ, కొన్ని మచిలీపట్నానికీ చేరాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేతికి వచ్చాయి.

1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ ఆదేశంతో దిబ్బ మొత్తాన్నీ తవ్వి శుభ్రం చేయించారు. ఏ రాయి ఎక్కడ ఉండేదో సరిగా నమోదు కాకపోవడంతో స్తూపం అసలు రూపాన్ని ఊహించుకోవడం ఆనాటి నుంచీ పండితులకు కష్టమైంది. 1881–82లో జేమ్స్ బర్జెస్ మిగిలిన శిల్పాలను మద్రాసుకు తరలించాడు. ఆ కాలంలోనే ప్రాచీన కట్టడాల సంరక్షకుడిగా ఉన్న హెచ్.హెచ్. కోల్, శిల్పాలను ఉన్నచోటనే ఉంచి కాపాడాలని గట్టిగా వాదించాడు. ఆయన మాట అప్పుడు నెగ్గలేదు. అమరావతి ఖండాలు ఇప్పుడు చెన్నై, లండన్, కోల్‌కతా ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. స్తూపం ఉన్నచోట పీఠమూ కొన్ని ఫలకాలూ మాత్రమే మిగిలాయి.

చట్టం వచ్చిన తీరు

ప్రభుత్వ భవనాలతోపాటు పాత కట్టడాలను కూడా చూసుకునే అధికారాన్ని 1810లో బెంగాల్ రెగ్యులేషన్, 1817లో మద్రాసు రెగ్యులేషన్ ఇచ్చాయి. 1861లో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ మొదలైంది. అసలు మార్పు 1904లో కర్జన్ హయాంలో వచ్చిన ప్రాచీన కట్టడాల రక్షణ చట్టంతో వచ్చింది. 1902లో శాఖ డైరెక్టర్ జనరల్‌గా చేరిన జాన్ మార్షల్ 1923లో సంరక్షణ నియమాలను పుస్తకంగా వెలువరించాడు. పాతదాన్ని కొత్తగా మార్చేయకూడదు, ఉన్నదాన్ని ఉన్నట్టే నిలబెట్టాలి అన్నది దాని సారం.

ఈ చట్టాల నీడలో నిలిచిన చోటు ఏలూరు ప్రాంతంలోని గుంటుపల్లి. కామవరపుకోట మండలంలో జీలకర్రగూడెం ఊరి పక్క కొండమీద, క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటి బౌద్ధ గుహలున్నాయి. వాటిలో గుండ్రని చైత్యం మరీ అపురూపమైనది. కొండను లోపలికి తొలిచి, పైకప్పును కోస్తా పల్లెల్లోని చుట్టింటి కప్పులా మలిచారు. నడినెత్తి నుంచి చుట్టూ దిగే వాసాలన్నీ రాతిలోనే చెక్కినవి. కర్రకు చేసిన పనినే శిల్పి రాతికీ చేశాడు. మధ్యనున్న స్తూపాన్ని ఈ ప్రాంత ప్రజలు ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తున్నారు. బయట వరుసలుగా చిన్న స్తూపాలూ ఇటుక చైత్యపు పునాదులూ కనిపిస్తాయి. శిల్పఫలకాలు తక్కువ కావడం వల్లా, గుహలు కొండలో భాగం కావడం వల్లా అమరావతికి పట్టిన గతి దీనికి పట్టలేదు.

ఏథెన్స్ సమావేశం

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత నానాజాతి సమితి 1922లో మేధో సహకార కమిటీని ఏర్పాటు చేసింది. హెన్రీ బెర్గ్‌సన్ దాని తొలి అధ్యక్షుడు, జగదీశ్ చంద్ర బోస్ సభ్యులలో ఒకరు. దాని కింద 1926లో అంతర్జాతీయ ప్రదర్శనశాలల కార్యాలయం పుట్టింది. ఆ కార్యాలయమే 1931 అక్టోబరులో ఏథెన్స్‌లో చారిత్రక కట్టడాల నిపుణుల సమావేశాన్ని జరిపింది. ఊహించి పునర్నిర్మించే పద్ధతి మానాలనీ, నిత్యం మరమ్మతులు చేసి కాపాడాలనీ, కట్టడం చుట్టుపక్కల వాతావరణాన్నీ పట్టించుకోవాలనీ అక్కడి తీర్మానాలు చెప్పాయి. మానవజాతి కళాసంపదను కాపాడటంలో దేశాలన్నిటికీ ప్రమేయం ఉందని అవి ప్రకటించాయి.

అదే 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్‌ఛాన్సలర్ అయ్యారు, అదే ఏడు మేధో సహకార కమిటీ సభ్యులయ్యారు. విశాఖలో విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దుతూనే జెనీవా సమావేశాల్లో పాల్గొన్నారు. యుద్ధం ముగిశాక, 1946 నుంచి యునెస్కోకు భారత ప్రతినిధి వర్గాన్ని నడిపించి, 1948–49లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షత వహించారు. నానాజాతి సమితి కాలపు ప్రయత్నాన్ని ఐక్యరాజ్యసమితి కాలానికి అందించిన తరంలో ఆయనొకరు.

యునెస్కో తొలి అడుగులు

1945 నవంబరు 16న ఆమోదం పొందిన యునెస్కో నిబంధనావళిలోనే ప్రపంచ కట్టడాల రక్షణ ఒక లక్ష్యంగా ఉంది. రెండో ప్రపంచయుద్ధపు విధ్వంసం చూసిన దేశాలు 1954లో హేగ్‌లో మరో ఒడంబడిక చేసుకున్నాయి. సాయుధ ఘర్షణల్లో సాంస్కృతిక సంపదను కాపాడటానికే ప్రత్యేకించిన తొలి ప్రపంచస్థాయి ఒప్పందం ఇది. భారత్ 1958లో ఇందులో చేరింది.

1956లో యునెస్కో మహాసభ న్యూఢిల్లీలో జరిగింది. సంరక్షణ విద్యకు ఒక అంతర్జాతీయ కేంద్రం ఉండాలని ఆ సభే నిర్ణయించింది. నేడు ఇక్రోమ్‌గా పిలిచే ఆ కేంద్రం 1959లో రోములో పని మొదలుపెట్టింది. పురావస్తు తవ్వకాలకు అంతర్జాతీయ సూత్రాలను కూడా ఆ సభే ఆమోదించింది. ముఖ్యమైన తవ్వకపు చోట్ల చిన్న ప్రదర్శనశాల ఉండాలనీ, రేపటి మెరుగైన పద్ధతుల కోసం కొన్ని చోట్లను తవ్వకుండా వదిలేయాలనీ ఆ సూత్రాల సలహా. అమరావతిలో జరిగిన పొరపాట్లన్నిటికీ ఇవి సరిగ్గా విరుగుడు.

నాగార్జునకొండ, నూబియా

ఢిల్లీ సభ జరిగే నాటికి కృష్ణ ఒడ్డున ఒక పెద్ద పరీక్ష నడుస్తోంది. 1926లో వెలుగుచూసిన నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నచోటు. సింహళ భిక్షువుల కోసం విహారం ఉన్నట్టు చెప్పే శాసనం ఇక్కడే దొరికింది. అంటే 3వ శతాబ్దంలోనే అది పరదేశీయులకు ఇల్లు. 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ ఇక్కడ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక లోయ మునక ఖాయమైంది.

1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి నమోదు చేశారు. రాతియుగం నుంచి మధ్యయుగం దాకా ఆనవాళ్లు బయటపడ్డాయి. ముఖ్య కట్టడాలను విప్పి, కొన్నిటిని కొండ మీదా, ప్రేక్షకాగారం వంటివాటిని కుడిగట్టున అనుపులోనూ తిరిగి అమర్చారు. కదల్చలేనివాటికి నమూనాలు చేశారు. సాగర జలాలు కమ్మేసిన తర్వాత ఆ కొండ దీవి అయింది. 1966లో అక్కడ ప్రదర్శనశాల ప్రారంభమైంది. దొరికినవాటిని దొరికిన చోటుకు దగ్గర్లోనే ఉంచాలన్న సూత్రం అక్షరాలా అమలైంది.

నాగార్జునకొండ భారత్ సొంత ఖర్చుతో చేసుకున్న పని. నైలు నది మీద ఆస్వాన్ ఆనకట్టతో వచ్చిన ముప్పు ఈజిప్టు, సూడాన్‌లు ఒంటరిగా మోయలేనంత పెద్దది. ఆ దేశాలు 1959లో సాయం కోరగా, 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచానికి విజ్ఞప్తి చేసింది. సుమారు 50 దేశాలు నిధులనో నిపుణులనో పంపాయి. 1964–68 మధ్య అబూ సింబెల్ ఆలయాలను దిమ్మలుగా కోసి, 60 మీటర్లకు పైగా ఎత్తున మళ్లీ పేర్చారు. భారత్ కూడా 1961–62లో బి.బి. లాల్ నాయకత్వంలో పురావస్తు బృందాన్ని పంపింది. ఆ బృందం అఫ్యే వద్ద తవ్వకాలు జరిపింది. సొంత లోయను నీళ్లకు అప్పగించి వారసత్వాన్ని దక్కించుకున్న దేశం, వెంటనే మరో నదీతీరానికి తన నైపుణ్యాన్ని పంచింది.

వెనిస్ సూత్రాలు

1964 మేలో వెనిస్‌లో సమావేశమైన నిపుణులు రూపొందించిన పత్రం నేటికీ ఈ రంగానికి ప్రామాణికం. కట్టడాన్ని దాని చరిత్ర నుంచీ చోటు నుంచీ విడదీయరాదు, రక్షణకు తప్పనిసరైతేనో అత్యంత ప్రాధాన్యమున్న ప్రయోజనం ఉంటేనో తప్ప కదల్చరాదు, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి అని అది నిర్దేశించింది. ఈ కొలబద్దతో చూస్తే అమరావతి శిల్పాల తరలింపు తప్పు, నాగార్జునకొండ తరలింపు ఒప్పు. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించి అలంపురానికి చేర్చిన కూడలి సంగమేశ్వరాలయం కూడా ఒప్పే. ఈ సూత్రాలను ముందుకు తీసుకెళ్లడానికి 1965లో వార్సాలో ఇకోమాస్ అనే నిపుణుల సంస్థ ఏర్పడింది.

1970, 1972 ఒప్పందాలు

కట్టడాల నుంచి శిల్పాలు దొంగల చేతుల మీదుగా విదేశీ బజారుకు చేరడాన్ని ఆపడానికి 1970లో యునెస్కో ఒప్పందం వచ్చింది. భారత్ 1972లో పురావస్తువుల చట్టం చేసి, 1977లో ఆ ఒప్పందంలో చేరింది. దీని విలువ ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం విషయంలో తెలుగువారికి కనిపించింది. అక్కడి నుంచి దొంగిలించిన సున్నపురాయి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో కొన్నది. 2016లో ఆ చిత్రశాల దాన్ని భారత్‌కు తిరిగి అప్పగించింది. 1859లో ఓడెక్కిన రాళ్లకు లేని హక్కు ఈ రాయికి దక్కింది.

1972 నవంబరు 16న ప్రపంచ వారసత్వ ఒప్పందం వచ్చింది. భారత్ 1977లో చేరింది. 1983లో అజంతా, ఎల్లోరా, ఆగ్రా కోట, తాజ్‌మహల్ జాబితాకెక్కాయి. తెలుగు నేలకు ఆ గౌరవం 2021 జులై 25న దక్కింది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప ఆలయం జాబితాలో చేరింది. ఇసుక నింపిన పునాది, నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం దాని నిర్మాణ విశిష్టతలు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణను రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు 2013లో చేపట్టింది. సహకారం ప్రభుత్వాల మధ్యే కాక ఇలా సంస్థల మధ్య కూడా సాగుతోంది.

ఒప్పందానికి ఆధారం

1972 ఒప్పందంలోని 4వ అధికరణం ఒక మాట స్పష్టంగా చెబుతుంది: తన నేల మీది వారసత్వాన్ని కాపాడే మొదటి బాధ్యత ఆ దేశానిదే. అంతర్జాతీయ సాయం దానికి తోడుగా వచ్చేదే తప్ప దానికి బదులు కాదు. ప్రపంచ జాబితాలో లేని చోట్లకు ఈ మాట మరీ ముఖ్యం. ఏలూరు పరిసరాల్లో శాలంకాయనుల రాజధాని వేంగిగా చెప్పుకునే పెదవేగి దిబ్బలు ఉన్నాయి, గుంటుపల్లి కొండ ఉంది. 1980లలో పెదవేగిలో ధనమ్మదిబ్బ మీద కేంద్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇలాంటి చోట్లకు రక్ష 1904 నాటి చట్టం, దాని తర్వాత 1958లో వచ్చిన ప్రాచీన కట్టడాల చట్టమే. చెరువుకో రోడ్డుకో మట్టి తీసేటప్పుడు పాత ఇటుక కనబడితే ఆపి కబురు చేసే ఊరివాళ్లు ఆ చట్టాలకు ప్రాణం. ఏథెన్స్ నుంచి వెనిస్ దాకా దేశాలన్నీ కలిసి నిర్ణయించుకున్న సూత్రాలు ఆ దిబ్బల దగ్గర, ఆ మనుషుల చేతుల్లోనే అమలవుతాయి.