బీరువాలో పట్టని సొమ్ము



పండక్కి ఇల్లు దులిపేటప్పుడు మనందరికీ ఒకటే చిక్కు. బీరువా తెరిస్తే చీరలు మీద పడతాయి. అటక మీద గిన్నెలకు చోటుండదు. అయినా బజారుకి వెళితే మళ్ళీ కొత్త వస్తువు మీదకే కన్ను పోతుంది. ఇన్ని కొన్నా, కొన్ననాటి సంతోషం వారం తిరక్కుండానే ఎక్కడికి పోతోంది?

జవాబు కోసం మా వీధుల చరిత్రనే కాస్త తిరగేశాను. మేముండేది అశోక్‌నగర్‌లో. పక్కనే చిక్కడపల్లి, ఆ కాస్త దూరంలో నారాయణగూడ. ఈ కొద్ది మేరలోనే, ఇంట్లో దాచుకోవడానికి వీల్లేని సంతోషాన్ని పదిమందికీ పంచిన చోట్లు నాలుగున్నాయి.

మొదటిది బడి. నిజాం రాజ్యంలో పైచదువులు ఉర్దూలో సాగేవి. తెలుగు ఆడపిల్లకి తన భాషలో హైస్కూలు చదువు గగనమే. అలాంటి రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావుగారు పూనుకుని ఆంధ్ర బాలికల పాఠశాల పెట్టించారు. తెలుగులో చెప్పే చదువుకి ఇక్కడ గుర్తింపు దొరక్కపోతే, మహర్షి కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు పిల్లల్ని కూర్చోబెట్టారు. నారాయణగూడలో ఆ బడి ఇప్పుడు మాడపాటివారి పేరుతోనే ఉంది. ఆడపిల్లకి పెట్టవలసింది బంగారమే అనుకునే కాలంలో వారు చదువు పెట్టారు. గొలుసైతే అవసరానికి తాకట్టుకి పోతుంది. చదివిన చదువుని ఏ షావుకారు తాకట్టు పట్టగలడు?

రెండవది బాలానందం. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు మద్రాసులో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1945లో ‘బాల’ పత్రిక పెట్టి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చారు. వారి ఆంధ్ర బాలానంద సంఘానికి నారాయణగూడే ఇల్లయింది. మా అత్తగారు పదేళ్ళ పిల్లగా ఒకసారి బాలానందంలో బృందగానం పాడారట. ఫొటో లేదు, రికార్డు లేదు. ఆ రోజు వేసుకున్న పరికిణీ రంగు మొదలు, గొంతు వణికితే అక్కయ్య నవ్వి ధైర్యం చెప్పడం వరకూ అన్నీ చెబుతారు. తన పెళ్ళినాటి గాజులు ఎన్ని తులాలో మాత్రం ఆవిడకి గుర్తు లేదు! అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో వెళ్ళిపోయారు. ఆ నవ్వు మాత్రం మా వంటింట్లో ఇంకా ఉంది.

మూడవది గ్రంథాలయం. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం కడుతున్నాం. అంటే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో మన డబ్బూ ఉందన్నమాట. ఊళ్ళనుంచి వచ్చి, ఇరుకు గదుల్లో అద్దెకుంటూ, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే అక్కడికి చేరతారు. మనం మాత్రం పన్ను రసీదు భద్రంగా దాస్తాం, ఆ గడప తొక్కం.

నాలుగవది 1966లో ఏర్పడిన శ్రీ త్యాగరాయ గానసభ. చిక్కడపల్లిలో ఎన్నో ఏళ్ళుగా సంగీతానికీ నాటకానికీ నీడనిచ్చిన చోటు. ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక సాయంత్రం అత్తగారు, “కచేరీకి వెళ్ళొద్దామా, అమ్మాయ్?” అన్నారు. ఆ రోజే కొత్త బీరువా వస్తోంది. “ఇంకోసారి వెళదాం లెండి, అత్తయ్యా” అన్నాను. బీరువా వచ్చింది, నలుగురూ చూసి మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆవిడకి చెవులు బాగా తగ్గిపోయాయి. ఆ ‘ఇంకోసారి’ని నేనిప్పుడు ఎక్కడ కొని తెచ్చివ్వను?

అలాగని వస్తువులే వద్దని నేననను. మిక్సీ లేకపోతే మన రెక్కల సంగతేమిటో మనకి తెలుసు. కాని వస్తువు ఇవాళ కాకపోతే రేపైనా కొనుక్కోవచ్చు. మనవాళ్ళతో కలిసి గడపవలసిన సాయంత్రం రేపటిదాకా ఆగదు. మన పెద్దలు బడి, సంఘం, గ్రంథాలయం, సభ అంటూ కట్టింది ఆ సాయంత్రాల కోసమే కాబోలు.

మొన్న ఆవిడ్ని గానసభకి తీసుకువెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాను. పాట ఎంత వినిపించిందో తెలియదు. గాయని చెయ్యి చూస్తూ ఒడిలో తాళం వేస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చాక, “మళ్ళీ ఎప్పుడు?” అన్నారు.

మీ ఇంట్లో కూడా, “వెళ్ళొద్దామా?” అని అడిగేవారు ఎవరో ఒకరుంటారు. ఈసారి బీరువాని కాస్త ఆగమనండి. సెలవు.