జపనీస్ మెదడువాపు వ్యాధి - నిఘా, నివారణ

జపనీస్ మెదడువాపు వ్యాధి (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) దోమకాటు వలన సంక్రమించే ఒక వైరస్ వ్యాధి. డెంగీ, జికా వైరస్‌ల మాదిరిగానే దీని కారక వైరస్ కూడా ఫ్లావివైరస్ వర్గానికి చెందినది. 1935లో జపాన్‌లో దీనిని మొదటిసారిగా వేరుచేశారు. ఆసియాలో వరి సాగుచేసే గ్రామీణ ప్రాంతాలలో, ముఖ్యంగా 15 సంవత్సరాల లోపు పిల్లలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

వ్యాప్తి

ఈ వైరస్‌కు సహజ ఆశ్రయాలు కొంగజాతి పక్షులు, పందులు. వరిమళ్ళలో నిలిచిన నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు వీటినుండి వైరస్‌ను గ్రహించి మనుషులకు చేరుస్తాయి. ఈ దోమలు సాయంకాలం నుండి తెల్లవారేవరకు కుడతాయి. మనిషి రక్తంలో వైరస్ తగినంతగా వృద్ధి చెందదు కనుక ఒక రోగి నుండి మరొకరికి దోమల ద్వారా వ్యాధి సోకదు.

లక్షణాలు

వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే తీవ్రజ్వరం, మెడ బిగుసుకొనడం, మూర్ఛలు, అపస్మారకం వంటివి కలుగుతాయి. వీరిలో 30 శాతం వరకు మరణించవచ్చు. బ్రతికినవారిలో అనేకులకు పక్షవాతం, మాట పడిపోవడం, బుద్ధిమాంద్యం వంటి వైకల్యాలు మిగిలిపోతాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు.

నిఘా

ఆసుపత్రికి రోగులు వచ్చేసరికే వైరస్ ఆ ప్రాంతమంతా వ్యాపించి ఉంటుంది. అందువలన రోగులను లెక్కించినంత మాత్రాన నిఘా పూర్తికాదు. పందుల రక్తంలో ప్రతిరక్షకాలను, పట్టిన దోమలలో వైరస్‌ను పరీక్షించడం ద్వారా ముందుగా ప్రమాదాన్ని గుర్తించవచ్చును.

మెదడువాపు కేసులన్నీ ఈ వైరస్ వలన కలిగినవి కావు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడగా 183 మంది మరణించారు. పరిశోధనలో దీనికి చాందీపుర వైరస్ కారణమని తేలింది. అది ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుంది. జపనీస్ మెదడువాపు టీకా దానిని ఆపలేదు. కనుక మెదడు-వెన్నుపాము ద్రవాన్ని ఎలైసా పద్ధతిలో పరీక్షించి వ్యాధిని నిర్ధారించడం అవసరం.

నివారణ

* టీకా: అన్నిటికంటె నమ్మదగిన మార్గం ఇదే. 2005లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా మరణించిన తరువాత, 2006లో భారతదేశంలో భారీ ఎత్తున టీకాలు వేయడం మొదలైనది. వ్యాధి ఉన్న జిల్లాలలో పిల్లలకు 9 నెలలు నిండిన తరువాత ఒకటి, 16-24 నెలల మధ్య రెండవది వేస్తారు. హైదరాబాదుకు చెందిన భారత్ బయోటెక్ 2013లో జెన్‌వాక్ అనే టీకాను విడుదల చేసింది.
* పందుల పెంపకం: పందుల దొడ్లను నివాసాలకు దూరంగా ఉంచాలి.
* సాగు: వరిలో ఆరుతడి పద్ధతి పాటిస్తే దోమపిల్లలు తగ్గుతాయి.
* వ్యక్తిగత రక్షణ: దోమతెరలు వాడాలి, సాయంవేళ ఒంటినిండా బట్టలు ధరించాలి.

పక్షులలో, పందులలో వైరస్ కొనసాగుతూనే ఉంటుంది కనుక దీనిని పూర్తిగా నిర్మూలించడం సాధ్యంకాదు. ఊరిలో ఇతరులు టీకా వేయించుకొన్నంత మాత్రాన టీకా అందని బిడ్డకు రక్షణ లభించదు. వ్యాధి తగ్గిన సంవత్సరాలలో కూడా ప్రతి బిడ్డకూ టీకా వేయించవలసినదే.