ట్రంక్ కాల్ నుంచి వైఫై దాకా: లైన్‌లో ముందు ఎవరు?

ఇవాళ మనం వరంగల్ కొత్తవాడ నుంచి మొదలుపెడదాం. మగ్గాల వాడ ఇది. వరంగల్ దర్రీలకి, అదే మన జంపఖానాలకి, 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఒక ఇల్లు ఊహించుకోండి. ఒకటే వైఫై. కొడుకు కొత్త డిజైన్ వీడియో కస్టమర్‌కి పంపుతున్నడు. చెల్లె సినిమా చూస్తోంది. బాపు సూరత్‌లో ఉన్న పెద్దనాయినతో ఫోన్ మాట్లాడుతున్నడు. దారి ఒక్కటే. మరి ముందు ఎవరిది పోవాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. మన తాతల కాలంలో దూరం ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, గంటలకొద్దీ కూర్చోవాలి. అందులో మూడు రకాలు: ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. లైట్నింగ్ అంటే మెరుపు. రేటు కూడా అట్లనే ఉండేది! అంటే అప్పుడు వరుస తేల్చింది జేబు.

ఇక వైర్లు లేని నెట్‌వర్క్‌కి వద్దాం. 1971లో హవాయి యూనివర్సిటీ వాళ్లు అలోహా అనే రేడియో నెట్‌వర్క్ నడిపారు. ఎవరికి వాళ్లు పంపెయ్యడమే. రెండు సందేశాలు గుద్దుకుంటే, కాసేపు ఆగి మళ్లీ పంపాలి. 1997లో వచ్చిన వైఫైలో కొంచెం మర్యాద పెరిగింది. ముందు విను, ఎవరూ పంపట్లేదంటే ఒక నంబర్ ఎత్తుకో, సున్నా దాకా లెక్కపెట్టు, అప్పుడు పంపు. కానీ మాటకీ, సినిమాకీ తేడా లేదు.

ఇక్కడే చిక్కు. సినిమాని ఫోన్ ముందే కొంత దాచుకుంటుంది, రెండు సెకన్లు లేటైనా నడుస్తుంది. మాట అట్ల కాదు. సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పోతుంది. 150 మిల్లీసెకన్లు దాటి ఆలస్యమైతే మాట మీద మాట పడటం మొదలవుతుంది.

అందుకే 2005లో 802.11ఇ అనే ప్రమాణం వచ్చింది. మాట, వీడియో, మామూలు డేటా, వెనకాల జరిగే పనులు అని నాలుగు లైన్లు చేశారు. కిటుకు ఏందంటే, మాట 0 నుంచి 3 లోపు నంబర్ ఎత్తుకుంటుంది. వీడియో 0 నుంచి 7, మామూలు డేటా 0 నుంచి 15. చిన్న నంబర్ వస్తే తొందరగా వంతు వస్తుంది కదా! అయితే ఆ డేటా మీద ‘ఇది మాట’ అని గుర్తు ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది.

మొబైల్‌లో కూడా ఇదే కథ. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో వోల్టీ ఇంటింటికీ చేరింది. డయలర్ నుంచి చేసే వోల్టీ కాల్‌కి నెట్‌వర్క్ ప్రత్యేకంగా దారి కేటాయిస్తుంది. వాట్సాప్ కాల్ మాత్రం మామూలు డేటాతోనే పోతుంది. కాబట్టి మేడారం జాతర లాంటి జనంలో ఇంటికి మాట్లాడాలంటే ముందు మామూలు కాల్ చేసి చూడండి. అది కలవకపోవచ్చు కూడా, కానీ కలిస్తే మాట తెగే భయం తక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. 2018 జులైలో మన దేశం నెట్ న్యూట్రాలిటీ నియమాలకి ఒప్పుకుంది. డబ్బు తీసుకుని ఒక వెబ్‌సైట్‌ని ముందుకు తోసి, ఇంకోదాన్ని ఆపకూడదు. దూరం నుంచి చేసే ఆపరేషన్ల లాంటి వాటికి మినహాయింపు ఇచ్చారు. 2020 జులైలో ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ ప్లాన్లు ఎక్కువ కట్టేవాళ్లకి ఎక్కువ వేగం అన్నాయి. తాత్కాలికంగా ఆపమని ట్రాయ్ చెప్పింది. వాళ్లకి వేగం పెంచితే మిగతావాళ్లకి తగ్గదా అని అడిగింది. తగ్గదని కంపెనీలు వాదించాయి. వొడాఫోన్ ఐడియా ట్రిబ్యునల్ దాకా పోయింది.

చూశారా? లైట్నింగ్ కాల్ మళ్లీ తలుపు కొట్టింది. వరుస ఎప్పుడూ ఉంటుంది ఫ్రెండ్స్. అంబులెన్స్‌కి దారి ఇస్తే ఎవరం బాధపడం. ఖరీదైన కారుకి ఇయ్యమంటే మాత్రం అడగాల్సిందే. కొత్తవాడ ఇంట్లో బాపు మాట ముందు పోవాలి. ఆయన ఎక్కువ కట్టినందుకు కాదు, మాట ఆగలేదు కాబట్టి.

మీరేమంటారో కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.